మూత లోపల రాసిన తేదీ

ఆవిడకి పెద్దలు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, ఆదివారం బల్ల దగ్గర దాని అవసరం ఎవరికీ పడలేదు. అక్కడ అందరికీ ఆవిడ బ్యాటరీ అక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.

ఆదివారం బల్ల అంటే ఫోటో స్టూడియో వెనక గదిలో ఉన్న పొడుగాటి చెక్కబల్ల. ఒకప్పుడు ఆ గదిలో జంటల్ని నిలబెట్టి ఫోటోలు తీసేవారు. ఇప్పుడు ఎవరి ఫోటో వాళ్ళే తీసుకుంటున్నారు కాబట్టి గది ఖాళీగా పడి ఉంది. నీలం మబ్బులు గీసిన తెర మాత్రం ఇంకా గోడకి వేలాడుతోంది. ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ మబ్బుల ముందు పాత కంప్యూటర్లు, తెరలు, ప్రింటర్లు, పేరు తెలియని పెట్టెలు గుట్టగా చేరతాయి. వాటి చుట్టూ పదిమందో పదిహేనుమందో మూగుతారు.

అక్కడ అమ్మకం లేదు. తెచ్చినవాళ్ళు వస్తువు మీద చీటీ అతికించాలి. అదేమిటో, అందులో ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో రాయాలి. పట్టుకెళ్ళినవాళ్ళు దాన్ని ఏం చేశారో తర్వాత ఎప్పుడైనా వచ్చి చెప్పాలి. నిజానికి సగంమంది ఆ చెప్పుకోవడం కోసమే వస్తారు. ఒకాయన పాత ప్రింటర్ మోటార్లతో మొక్కలకి నీళ్ళు పోసే ఏర్పాటు చేశాడు. స్టూడియో ఆయన స్కానర్‌ని కెమెరాగా మార్చాడు. దాని ముందు నిమిషంసేపు కదలకుండా కూర్చోవాలి. అతని భార్య తప్ప ఎవరూ కూర్చోలేదు, ఆవిడ కూడా ఒక్కసారే.

బ్యాటరీ అక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసింది. అందులో పదకొండేళ్ళు బ్యాటరీ గదిలోనే. నడుమెత్తు ఆమ్లం తొట్టెలు రెండు వరసలుగా ఉండే గది అది. అక్కడ ఆమె చీర అంచుల్లో ఎప్పుడూ చిన్నచిన్న చిల్లులుండేవి. కారిన బ్యాటరీ రాగిని ఎలా తింటుందో, పచ్చగా పొంగి తీగ వెంట ఎలా పాకుతుందో ఆమె కళ్ళారా చూసింది. అందుకే ఏ పెట్టె చేతికొచ్చినా ముందు మూత విప్పి బ్యాటరీ పీకేస్తుంది. తర్వాతే తక్కిన సంగతి. పాత కంప్యూటర్ బోర్డు మీద బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. దాన్ని తీస్తే పోయేది మహా అయితే గడియారం టైమే. ఉంచితే మాత్రం ఏదో ఒకరోజు కారి బోర్డునే తినేస్తుంది. ఈ మాట ఆమె బల్ల దగ్గర చెప్పని ఆదివారం లేదు.

"మా ఇంట్లో ఆవిడ విప్పకుండా వదిలేసింది నన్నొక్కడినే," అంటాడు వాళ్ళాయన.

"మీలో బాగుపడే భాగం ఏదీ కనబడలేదు మరి," అంటుంది ఆమె, తలెత్తకుండానే.

ఆమె చెల్లెలి భర్తకి చిన్న వర్క్‌షాప్ ఉంది. నీళ్ళ కుళాయిల్లో తిరిగే ఇత్తడి ముక్కలు చేస్తారు. ఇల్లు మేడమీద, వర్క్‌షాప్ కింద. చిన్న మిషన్లు మూడు ఉన్నా, బరువంతా మోసేది ఒక పెద్ద లేత్. అది ఇత్తడి చువ్వని తిప్పుతూ, కంప్యూటర్ చెప్పినట్టు కోస్తుంది. పక్కనే బీరువా తలుపంత కంట్రోల్ పెట్టె ఉంటుంది. ఇరవై రెండేళ్ళ నాటిది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పద్నాలుగేళ్ళుగా దాన్ని నడిపేది ఒక్కడే, మేస్త్రీ. ఎక్కువ మాట్లాడడు. చువ్వ కోస్తున్న చప్పుడు వింటూ, తల కొంచెం ఒక పక్కకి వంచి నిలబడతాడు.

ఆ పెట్టె తెర మసకబారిపోయింది. అంకెలు చదవాలంటే మేస్త్రీ కంటి పక్కన చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది. మరిది వచ్చి అడిగాడు.

"వదినా, ఆ తెర ఒక్కటి మార్చి పెట్టండి. ఇరవయ్యో తారీకుకి పెద్ద ఆర్డర్ ఇవ్వాలి. అంకె తప్పు చదివితే చువ్వంతా తుక్కే."

"అదెంత పని మరిదిగారూ. బల్ల మీద తెరలు కుప్పలు పడి ఉన్నాయి. ఒకటి సరిపెడతాను."

సోమవారం వర్క్‌షాప్‌కి సెలవు. ఆమె వెళ్ళి, కరెంటు ఆపి, తీగలకి రంగుదారాలు కట్టి గుర్తులు పెట్టుకుని, పెట్టె లోపలి భాగమంతా విప్పి ఆటోలో ఇంటికి తెచ్చుకుంది. వంటగది పక్క బల్ల మీద పెట్టి మూత తీసింది. మొదట చెయ్యి ఎక్కడికి వెళ్ళాలో అక్కడికే వెళ్ళింది. బోర్డు మూలన బొటనవేలంత బ్యాటరీ ఉంది. కారలేదు. మరక కూడా లేదు. శుభ్రంగా మెరుస్తోంది. అయినా పీకేసింది. అలా పీకడానికి ఆమె ఆలోచించనక్కర్లేదు.

తర్వాత పని నున్నగా సాగింది. ఎవరో కొట్టువాళ్ళు పారేసిన బిల్లుల మిషన్ తెర సరిగ్గా అదే కొలత. మంగళవారం మధ్యాహ్నానికి పరీక్షకి వేసిన అక్షరాలు దిద్దినట్టు పడుతున్నాయి. ఇక అప్పగించే ముందు ఊరుకోలేక, ఇరవై రెండేళ్ళ నూనె జిడ్డునంతా స్పిరిట్ గుడ్డతో తుడవడానికి కూర్చుంది. మూత లోపలివైపు ఓ మూల ఇంకుతో ఏదో గీతల్లాంటివి కనబడ్డాయి. జిడ్డుతోపాటు అవీ పోయాయి. రెండో మూలన జిడ్డు కింద నుంచి ఎర్రరంగు రేకు ఒకటి బయటపడింది. దాని మీద అచ్చు అక్షరాలు.

మిషన్ నడుస్తుండగా మాత్రమే బ్యాటరీ మార్చవలెను. లేనిచో జ్ఞాపకమంతా పోవును.

ఆమె చదివింది. గుడ్డ కింద పెట్టి మళ్ళీ చదివింది.

ఇంట్లో కంప్యూటర్ సంగతి వేరు, ఈ పెట్టె సంగతి వేరు. ఆ లేత్ ఎంత దూరం జరగాలో, ఎక్కడ ఆగాలో, ఏ భాగం ఎంత అరిగితే దానికి ఎంత కలుపుకోవాలో, అన్నీ అంకెలుగా ఆ బోర్డులోనే ఉంటాయి. కరెంటు లేనప్పుడు ఆ అంకెల్ని పట్టి ఉంచేది బ్యాటరీ ఒక్కటే. కరెంటు ఆపి పెట్టె తెచ్చినరోజు, ఆ అంకెలకి ఆధారంగా మిగిలిన ఆ ఒక్కదాన్నీ ఆమే పీకింది.

కొత్త బ్యాటరీ కొని పెట్టింది. ఏమో, కొంతైనా మిగిలి ఉంటుందేమో అనుకుంది. అలా మిగలదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉంటారు.

బుధవారం పొద్దున పెట్టె బిగించి స్విచ్ వేస్తే తెర దేదీప్యమానంగా వెలిగింది. చుట్టూ నిలబడ్డ పనివాళ్ళు నవ్వారు. "ఇక కళ్ళద్దాలు అమ్మేసుకోవచ్చు మేస్త్రీ," అన్నాడొకడు. మేస్త్రీ నవ్వలేదు. ముందుకి వంగి చూశాడు. తెరనిండా సున్నాలు. మీట నొక్కాడు. మిషన్ కదలలేదు.

"ఏమైంది వదినా?" అన్నాడు మరిది.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పడానికే నోరు తెరిచింది. పదిమంది మొహాలు ఆమె వైపే ఉన్నాయి. ఆ మొహాల్లో ఆమె మీద నమ్మకం తప్ప మరోటి లేదు.

"బ్యాటరీ అయిపోయి ఉంది మరిదిగారూ. పాతది. విప్పేసరికే... లోపల ఏమీ మిగల్లేదు."

మేస్త్రీ తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఒక్క క్షణమే. మళ్ళీ సున్నాల వైపు తిరిగాడు.

ఇంటికొచ్చాక ఆమె అన్నం కలిపి వదిలేసింది. వాళ్ళాయన అడిగితే తలనొప్పి అంది. ఇందులో ఎవరికీ నష్టం లేదని తనకి తానే నచ్చజెప్పుకుంది. ముసలి బ్యాటరీ చచ్చిపోయింది, దానికి ఎవరేం చేస్తారు? నింద మోసేది బ్యాటరీయే కదా.

శుక్రవారం చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, ఇక్కడ గొడవైపోయింది. మా ఆయన మేస్త్రీని అందరిముందూ కడిగిపారేశారు. బ్యాటరీ చూసుకోవడం అతని పనేగా. ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, ఆర్డర్ పీకలమీదికొచ్చాక ఇప్పుడు సున్నాలు చూపిస్తున్నాడు అని."

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "అతనేమన్నాడు?"

"పోయినేడాదే మార్చానంటాడు. మిషన్ ఆపకుండా మార్చాను, మూత లోపల తేదీ కూడా రాశాను, చూసుకోండి అన్నాడు. ఈయన అందరిముందూ మూత తీయించారు. ఏముంది, అద్దంలా ఉంది. గీత కూడా లేదు. అబద్ధం కూడా ఆడతావా అని ఇంకో నాలుగు తగిలించారు. పద్నాలుగేళ్ళుగా ఉన్న మనిషి, పాపం, అలా నిలబడిపోయాడు."

బ్యాటరీ అక్కకి ఆ గీతలు కళ్ళముందు కనబడ్డాయి. ఇంకు నీలం రంగు. స్పిరిట్ తగలగానే గుడ్డకి అంటుకుంది. మూత అంత తెల్లగా వచ్చినందుకు ఆ రోజు ముచ్చటపడింది కూడా.

"వింటున్నావా అక్కా?"

"వింటున్నా. మీ ఆయన్ని కాస్త నెమ్మదించమను," అంది. తర్వాత ఫోన్ పెట్టేసింది. శనివారం నుంచి మేస్త్రీ పనిలోకి రావడం మానేశాడు.

ఆమె బుర్ర మాత్రం ఇంకో దారి వెతికింది. మిషన్ తిరగడం మొదలైతే ఈ గొడవ దానంతటదే సర్దుకుంటుంది. ఐదేళ్ళ క్రితం మూతపడిన ఇంకో వర్క్‌షాప్ నుంచి సరిగ్గా ఇలాంటి పెట్టే ఒకటి బల్ల మీదికొచ్చింది. ఆదివారాలు అక్కడికి వచ్చే లెక్కల మాస్టారు దాన్ని పట్టుకెళ్ళి బడిగంట కొట్టే యంత్రంగా మార్చాడు. దాంట్లో ఆ పాత లేత్ అంకెలు ఉండి ఉంటే, తేడాలున్నా వాటిని పట్టుకుని మొదలుపెట్టొచ్చు. శనివారమే మాస్టారికి ఫోన్ చేసి, మరిది పెట్టెలో బ్యాటరీ చచ్చిపోయిందని చెప్పి, ఆ పెట్టె తెమ్మంది.

ఆదివారం మాస్టారు రిక్షాలో పెట్టె వేసుకుని దిగాడు. "మా బడిగంట ఒకవారం చేత్తోనే కొట్టుకుంటాం లెండి అక్కయ్యగారూ. ప్యూన్‌కి కాస్త వ్యాయామం," అంటూ మబ్బుల తెర ముందు దింపాడు.

పెట్టె పక్కన ఐదేళ్ళనాటి చీటీ ఇంకా అతికే ఉంది. గుండ్రటి అక్షరాలు. 'పరిశీలించాను. తెర, బోర్డు పనిచేస్తున్నాయి. బ్యాటరీ తీసేశాను.' కింద ఆమె సంతకం. అంటే ఇందులోని అంకెల్నీ ఐదేళ్ళ క్రితమే ఆమే పోగొట్టింది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకేవో వస్తువుల మీద పడ్డారు. మాస్టారు మాత్రం చీటీ చదివి, ఆమె మొహం చూసి, మళ్ళీ చీటీ వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు పిల్లల మొహాలు చూసి ఎవరు లెక్క కాపీ కొట్టారో చెప్పిన మనిషి.

"అక్కయ్యగారూ, మీ మరిదిగారి పెట్టెలో బ్యాటరీ దానంతటది చచ్చిపోయిందన్నారు కదూ?"

ఆమె చీటీ లేచిన అంచుని వేలితో అదిమింది.

"నేనేం అడగను. కాకపోతే ఒక్కమాట. దీని సంగతైతే చీటీ మీద రాశారు. దాని సంగతి ఎక్కడా రాసినట్టు లేరు."

ఆమె ఆ చీటీ ముందు ఇంకాసేపు నిలబడింది. తర్వాత సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, తిన్నగా చెల్లెలింటికి వెళ్ళింది.

మరిది మేడమీద హాల్లో నేలమీద కూర్చుని ఏవో పాత కాగితాలు పరిచి వెతుకుతున్నాడు. ఎక్కడైనా ఆ అంకెలు రాసి ఉంటాయేమోనని. చెల్లెలు కుర్చీలో కూర్చుని కాగితాలు అందిస్తోంది. ఆమె కూర్చోలేదు.

"మరిదిగారూ, బ్యాటరీ అయిపోలేదు. బాగానే ఉంది. నేనే తీశాను. అలవాటుగా పీకేశాను. మేస్త్రీ రాసిన తేదీ కూడా ఉండేది, దాన్ని నేనే స్పిరిట్‌తో తుడిచేశాను. ఏదో రాత అని కూడా చూసుకోలేదు."

చెల్లెలి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. "మరి బుధవారం అలా చెప్పావేంటి?"

"భయమేసింది."

"నిన్ను ఎవరు ఏమంటారని అక్కా? ఈ ఇంట్లో నిన్ను ఎవరైనా ఏమైనా అంటారా?"

మరిది కాగితాలన్నీ ఒక దగ్గరికి చేర్చాడు. అంచులు సరిచేశాడు. అరుస్తాడేమోనని ఆమె ఎదురుచూసింది. అతను అరవలేదు.

"శుక్రవారం మీకు తెలుసు కదా వదినా. ఈవిడ ఫోన్ చేసింది కదా."

"తెలుసు."

"సరే," అని లేచి స్కూటర్ తాళాలు తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "అతని ఇల్లు ఎక్కడో నాకు తెలీదు," అన్నాడు, ఎవరికో అన్నట్టు. పద్నాలుగేళ్ళలో ఆ అవసరం పడలేదు మరి. కింద పనివాళ్ళలో ఒకడికి ఫోన్ చేసి కనుక్కున్నాడు.

"నేను వెళ్తాను మరిదిగారూ. ముందు నేను వెళ్ళాలి," అంది ఆమె.

మేస్త్రీ ఇల్లు ఒక ఇస్త్రీ కొట్టు మీద రెండు గదులు. కింద నుంచి వేడి బట్టల వాసన మెట్లమీదికి వస్తోంది. అతని భార్య తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా పక్కకి జరిగింది. మేస్త్రీ కుట్టుమిషన్ ముందు కూర్చుని దాని సూది దగ్గర నూనె వేస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. నూనె డబ్బా మూత బిగించాడు.

"నాకు బుధవారమే తెలుసమ్మా. నేను మార్చిన బ్యాటరీ నాకు తెలీదా?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"ఏమని అంటాను? అది యజమాని వదినగారి మాట. మధ్యలో నేనెవర్ని? మీరే చెప్తారులే అనుకున్నాను." నూనె డబ్బా కింద పెట్టాడు. "శుక్రవారం కూడా అనుకున్నాను."

అతని భార్య లోపల్నుంచి అంది, "ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు ఆ రోజు. ఈయనకి అబద్ధం ఆడటం రాదు. అది వచ్చుంటే ఎప్పుడో పెద్ద మేస్త్రీ అయ్యేవాడు."

"నువ్వూరుకో," అన్నాడు మేస్త్రీ. "మిషన్ మీద నాకు కోపం లేదు. అంకెలు నా తలలో కొన్ని ఉన్నాయి. కొన్ని చెవిలో ఉన్నాయి. వచ్చి చెప్తాను. మీరు రాసుకోండి."

మంగళవారం నుంచి మూడు రోజులు ఇద్దరూ ఆ లేత్ ముందు నిలబడ్డారు. అతను ఒక అంకె చెప్తాడు. ఆమె వేస్తుంది. చువ్వ బిగించి తిప్పుతారు. అతను తల వంచి వింటాడు. "ఏడుస్తోంది. కాస్త తగ్గించండి." మళ్ళీ తిప్పుతారు. "ఇప్పుడు గొణుగుతోంది. పర్లేదు, దగ్గరికొచ్చాం." ముక్క తీసి కొలుస్తారు, పారేస్తారు. డబ్బాలో ఇత్తడి తుక్కు మోకాలెత్తు పేరుకుంది. మరిది రోజుకి నాలుగుసార్లు వచ్చి, తుక్కు డబ్బాలోకి తొంగిచూసి వెళ్ళేవాడు. ఇరవయ్యో తారీకు మధ్యలోనే వచ్చి వెళ్ళిపోయింది. ఆర్డర్‌లో సగం పక్క వీధి వర్క్‌షాప్‌కి పోయింది.

మూడోరోజు సాయంత్రం నాలుగింటికి ఒక ముక్క కొలతకి సరిపోయింది. రెండోదీ సరిపోయింది. వరసగా పది సరిపోయాక మేస్త్రీ వెనక్కి తగ్గి, సబ్బు రాసుకుని చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు.

మరిది దగ్గరికొచ్చాడు. "రేపట్నుంచి మామూలుగా వచ్చెయ్ మేస్త్రీ. జరిగిందేదో జరిగింది. మా వదినే ఒప్పుకుంది కదా."

"వేరేచోట పనికి ఒప్పుకున్నానండీ. సోమవారం నుంచి వెళ్ళాలి."

"దానికేం, నేను మాట్లాడతాను. కావాలంటే పదిమందినీ పిలిచి తప్పు నాదని చెప్తాను."

"వద్దండీ," అన్నాడు మేస్త్రీ, మర్యాదగానే. తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆమె గేటు దాకా వెంట నడిచింది. "నా మూలంగానే కదా," అంది.

మేస్త్రీ సైకిల్ తాళం తీస్తూ ఆలోచించాడు. "మీరు చెయ్యి జారారు. తర్వాత నోరు జారారు. మీరొచ్చి చెప్పారు కాబట్టి దాని సంగతి అయిపోయింది. కానీ ఆయన పద్నాలుగేళ్ళు నన్ను చూశారమ్మా. మూత తీసి చూశారు గాని, నిజంగా మార్చావా అని నన్ను పక్కకి పిలిచి ఒక్కసారి అడగలేదు. అది మీరు చేసింది కాదు. మీ వల్ల బయటపడిందంతే."

సైకిలెక్కి వెళ్ళిపోయాడు. లోపల మరిది తనే మిషన్ ముందు నిలబడి మీట నొక్కాడు. పదకొండో ముక్క తిరగడం మొదలైంది. అది ఏడుస్తోందో గొణుగుతోందో ఆమెకి తెలియలేదు. అతనికీ తెలిసినట్టు లేదు. ముక్క తీసి కొలిచాడు, వెలుగులోకి ఎత్తి మళ్ళీ కొలిచాడు, తుక్కు డబ్బాలో పడేసి ఇంకో చువ్వ అందుకున్నాడు.